పడుగు పేకల నడుమ వచనము

తత్త్వము వృద్ధాప్యమున చదువదగినదనియు, కవిత్వము తీరిక గలవారి వినోదమనియు తలచువారు మన సమాజమున నేటికిని కలరు. శరణులు ఈ రెండు తలపులను అంగీకరింపలేదు. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుని చుట్టును చేరినవారిలో బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాడు పేను నులియ చందయ్య ఉండిరి. వారికి తీరిక యెక్కడిది? వారి మాట చేతిపనిలోనుండియే పుట్టినది. కనుకనే వచనమునకు గ్రంథభాష పట్టలేదు. నలుగురు మాటలాడుకొను కన్నడమే దానికి చాలినది.

తెలుగున ఆ త్రోవ నడచినవాడు పాల్కురికి సోమనాథుడు. సంస్కృత వృత్తములు ఎరిగియుండియు అతడు బసవపురాణమును ద్విపదలో రచించెను. పాడుకొనుటకు అనువైనది, అక్షరము రానివానికి సైతము చెవిద్వారా చేరునది గనుక ద్విపద. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడ శరణుల కథ తెలుగు పాటయై మరల కన్నడమునకు చేరినదన్నమాట. సరిహద్దున నివసించు హిందూపురము, పెనుకొండ ప్రాంతముల వారికి ఈ రాకపోకలు వింత గావు. ఒకే ఇంట రెండు భాషలు వినబడుట వారికి నిత్యానుభవము.

ఇక సోమందేపల్లి సంగతి. ధర్మవరమువలె ఇచ్చటను పట్టుమగ్గముపై బ్రతుకు కుటుంబములు గలవు. నేతగాండ్రలో పలువురకు పట్టునూలు, జరీ పెట్టుబడిదారుడే తూచి యిచ్చును. చీర నేసి తెచ్చినపుడు మరల తూచి పుచ్చుకొనును. నడుమ పోవు తరుగు ఎంత అనుటయే ఇరువురకును తగవు. మిగిలిన జానెడు నూలు ఎవరిది? తరుగు పేరిట తగ్గించిన కూలి న్యాయమైనదా? ఇట్టి ప్రశ్న సాయంకాలము చీర మడత పెట్టునపుడు ఎదురగునే గాని మఠములో ఉపన్యాసము వినునపుడు కాదు. ఆ క్షణమున అక్కరకు రాని తత్త్వము ఎంత గొప్పదైనను ఏమి ప్రయోజనము?

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర తలచుకొనవలెను. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు అర్పించి తాము భుజించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మునిగి ప్రొద్దెరుగక కూర్చుండిపోయెను. కాయకమునకు వేళ మించుచున్నదని లక్కమ్మ అతనిని లేపి పంపెను. తత్త్వచర్చను మధ్యలో ఆపించి పనికి పంపిన ఇల్లాలిని సామాన్య కవులైనచో గయ్యాళిగా చిత్రింతురు. శరణులు ఆమెను గురుస్థానమున నిలిపిరి.

మరియొకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆ దంపతులను పరీక్షింపగోరి బసవేశ్వరుడే అధికముగా చల్లించెనని కథ. లక్కమ్మ ఆ మూటను చూచి సంతసింపలేదు. మనకు చాలినంతకు మించినది ఏల తెచ్చితివని అడిగి, ఎక్కువైన గింజలను ఉన్నచోటనే వేసి రమ్మనెను.

ఈ కథను పేదవానికి మాత్రమే చెప్పుట లోకమునకు అలవాటు. అది తప్పు. మిగిలిన నూలును తిరిగి యిమ్మని నేతగానికి బోధించు కథయే, తరుగు పేర అధికముగా కోసిన కూలిని తిరిగి యిమ్మని పెట్టుబడిదారునికిని బోధించును. చాలినంత ఎంత అను ప్రశ్న తక్కెడకు రెండు వైపుల ఉన్నవారిదియును. ఒక వైపే వినిపించిన వచనము సగము వచనము.

జేడర దాసిమయ్య కథ విషయమునను ఇట్టి మెలకువ అవసరము. అతడు నేతగాడు, బసవేశ్వరునికంటె ముందటివాడు. దినములతరబడి శ్రమించి నేసిన వస్త్రమును, జంగమ వేషమున వచ్చిన శివుడు ఎదుటనే చింపి పోగులు చేసినను అతడు కోపింపలేదనియు, అటుపై తవనిధిని పొందెననియు చెప్పుదురు. అప్పులో మునిగిన నేతగానికి ఈ కథ చెప్పి ఓర్చుకొమ్మనుట క్రూరత్వమే. దాసిమయ్య చింపించుకొన్నది తాను ఇష్టపూర్వకముగా ఇచ్చిన వస్త్రము. ఇతరులు అతనినుండి కాజేసినది కాదు. దానమునకు చెప్పిన ఓర్పును దోపిడికి అన్వయింపరాదు. కవిత్వము మనసును మెత్తబరుచును, నిజమే. కాని ఎవరి యెదుట మెత్తబడవలెనో తెలుపునది తత్త్వము. ఆ రెండును విడిపోయినచో రెండును కీడు చేయును.

నేడు ఈ ప్రాంతపు యువకులు మగ్గము విడిచి వేరు పనులకు పోవుచున్నారు. పెనుకొండ చెంత 2019లో కార్ల కర్మాగారము ప్రారంభమైన పిమ్మట షిఫ్టు పని సమీప గ్రామములవారికి పరిచితమైనది. వృత్తి మారినంత మాత్రమున కాయకము చెడునని పెద్దలు చింతిల్లనక్కరలేదు. శరణులు ఏ ఒక్క వృత్తిని ఉత్తమమనలేదు. చేయు తీరును, తెచ్చిన దానిని పంచుకొను తీరును అడిగిరి. అయితే రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవానిని పూజవేళ తప్పెనని నిందించు ఇండ్లవారు, గోష్ఠినుండి మారయ్యను లేపిన లక్కమ్మను తలచుకొనుట మేలు.

ఇంటింట అభ్యాసమునకు ఒక పద్ధతి గలదు. పండుగనాడు పది వచనములు వల్లించుటకు మారుగా, కూలి లెక్క చూచుకొను దినమున ఒక్క వచనమును చదివి, అర్థము చెప్పుకొని, పిదప లెక్క పుస్తకము తెరువవలెను. పిల్లలును వినవలెను. లెక్కలో ఇంటి స్త్రీలును కూర్చుండవలెను. కండెలు చుట్టునది, పోగులు అతుకునది చాల ఇండ్లలో వారే గదా. లక్కమ్మ వచనములు మారయ్యప్రియ అమరేశ్వరలింగ అను ఆమె అంకితముతోనే నేటికిని నిలిచియున్నవి. కండెలు చుట్టిన చేతుల కూలి ఎవరి పేర వ్రాయబడినదో ఆ పుస్తకము తెరచిన వెంటనే మొదటి పుటలోనే చూడవచ్చును.