స్థానిక సెర్చ్: చిన్న సర్వీసు షాపు గూగుల్‌లో కనిపించాలంటే (అవగాహన)

ఎందుకు చదవాలి?

మదనపల్లె పక్క పల్లెలో బోరు మోటారు కాలిపోయిందంటే టమాటా తోట ఎండుముఖం పడుతుంది. రైతు ఫోన్ తీసి దగ్గర్లో మోటార్ వైండింగ్ షాపు ఎక్కడుందో వెతుకుతాడు. ఎంత పనిమంతుడైనా సరే, మ్యాప్‌లో లేని మెకానిక్‌కు ఆ గిరాకీ దక్కదు. పరీక్షలు రాసేవారికి డిజిటల్ మార్కెటింగ్‌తో పాటు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు (ఎంఎస్‌ఎంఈలు), వినియోగదారుల రక్షణ పాఠాలకూ ఈ అంశం పనికొస్తుంది.

ర్యాంకును నిర్ణయించేవి

గూగుల్ చెప్పే ప్రకారం స్థానిక ఫలితాలకు ఆధారాలు మూడు: వెతికినదానికి పొంతన, దూరం, ప్రాముఖ్యం. రివ్యూలు, ఇతర సైట్లలో ప్రస్తావనలు ప్రాముఖ్యం కిందికి వస్తాయి. డబ్బు కడితే ప్రకటన వస్తుంది గానీ మామూలు ఫలితాల్లో ర్యాంకు పెరగదు. అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

దూరం మన చేతిలో లేదు. మదనపల్లె షాపు పుంగనూరులో వెతికేవారికి కిందికి జారవచ్చు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి అసలు కనిపించకపోవచ్చు. అందుకని మూడు ఊళ్లలో దొంగ అడ్రసులు పెడితే గూగుల్ ప్రొఫైలే రద్దయ్యే ప్రమాదముంది. కస్టమర్ ఇంటికే వెళ్లి పనిచేసేవారు అడ్రసు దాచి, సేవలందించే ప్రాంతాలను 20 వరకు చూపవచ్చు. అది నిజాయితీ గల దారి.

ప్రొఫైల్

2014లో వచ్చిన గూగుల్ మై బిజినెస్ పేరు 2021 నవంబరులో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా మారింది. మ్యాప్‌లో షాపు వివరాలు చూపే ఈ ప్రొఫైల్ ఉచితం. బోర్డు మీద ఉన్న పేరే ఇందులోనూ ఉండాలి. 'శ్రీ వెంకటేశ్వర మోటార్ వర్క్స్' పక్కన 'నంబర్ వన్, మదనపల్లె, పుంగనూరు, కుప్పం' అని తగిలించడం నిబంధనలకు విరుద్ధం. సరైన కేటగిరీ, పనివేళలు, పనిచేసే ఫోన్ నంబరు, షాపు ముందుభాగం ఫొటో తప్పనిసరిగా పెట్టాలి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడ తెలుగుతో పాటు తమిళం, కన్నడంలో వెతికేవారూ ఉంటారు. సేవల వివరాలు రాసేటప్పుడు దీన్ని మరవకూడదు.

రివ్యూలు

డిస్కౌంటు ఇచ్చి రివ్యూలు రాయించుకోవడానికి గూగుల్ ఒప్పుకోదు. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 ప్రమాణాన్ని తెచ్చింది. పాటించడం స్వచ్ఛందమే అయినా పరీక్షల్లో అడగదగిన అంశం. పని ముగిశాక నిజమైన కస్టమర్‌ను నేరుగా అడగడమే మేలు. చెడ్డ రివ్యూకూ మర్యాదగా జవాబివ్వాలి.

గుర్తుంచుకోండి

ఎంఎస్‌ఎంఈల నమోదుకు ఉద్యమ్ పోర్టల్ 2020 జులై 1న మొదలైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ పరిమితి: పెట్టుబడి రూ.2.5 కోట్లు, టర్నోవర్ రూ.10 కోట్లు. ఉద్యమ్ నమోదు వేరు, గూగుల్ ప్రొఫైల్ వేరు. ఒకటి చేస్తే రెండోది దానంతటదే రాదు.