హోసూరు చుట్టూ సైకిలు దారులు: ఎత్తుపల్లాలను చదివే పాఠం

పాఠ్యోద్దేశం: మిట్టపల్లాల నేలలో ప్రయాణకాలాన్ని సరిగా లెక్కకట్టడం, ఋతువును బట్టి దారిని ఎంచుకోవడం, బయలుదేరే వేళను నిర్ణయించుకోవడం.

తమిళనాడు వాయవ్య భాగాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున హోసూరు ఉంది. చుట్టుపక్కల పల్లెలకు ఇది తరతరాల సంతపట్టణం. నేటికీ పూలు, కూరగాయలు తెల్లవారకముందే ఇక్కడికి చేరుతాయి. సిప్కాట్ పారిశ్రామిక వాడ వచ్చిన తరువాత పని కోసం వచ్చి స్థిరపడినవారితో పట్టణం పెరిగింది. 2019లో నగరపాలక సంస్థ అయింది. కొత్తగా వచ్చిన తెలుగువారిలో చాలామందికి కర్మాగారానికీ అద్దె ఇంటికీ నడుమనున్న దారి తప్ప మరొకటి తెలియదు. పట్టణం దాటి పది కిలోమీటర్లు పోతే, తరాలుగా తెలుగు మాట్లాడుతున్న పల్లెలు ఎదురవుతాయి. ఆ పల్లెలను కలిపే తారురోడ్లు సైకిలు ప్రయాణానికి అనువైనవి. అయితే అవి చూపులకు కనిపించినంత సులభమైనవి కావు.

1. నేల తీరు

హోసూరు ప్రాంతం మైసూరు పీఠభూమికి అంచు. ఇక్కడ చదునైన మైదానం లేదు, ఎడతెగని కొండా లేదు. ఒక మిట్ట, ఒక పల్లం, మళ్ళీ ఒక మిట్ట. నేల అలలుగా సాగుతుంది. నంది కొండల ప్రాంతంలో పుట్టిన దక్షిణ పినాకిని కర్ణాటక నుండి ఈ తాలూకాలోకి ప్రవేశిస్తుంది. తమిళంలో దీనినే తెన్‌పెన్నై అంటారు. పట్టణానికి సమీపాన కెలవరపల్లి వద్ద ఈ నదికి ఆనకట్ట ఉంది. చిన్న వాగులు, చెరువుల అలుగుల నుండి పారే కాలువలు నేలను కోసుకుంటూ పల్లానికి దిగుతాయి.

రోడ్డును చదవడానికి మొదటి సూత్రం ఇందులోనే ఉంది. మిట్ట వెన్ను మీదుగా సాగే రోడ్డు కాళ్ళకు తేలిక. వాగులకు అడ్డంగా సాగే రోడ్డు ప్రతి వాగు దగ్గరా దిగి, మళ్ళీ ఎక్కుతుంది. దూరాన చెరువుకట్ట కనిపిస్తే ముందు దిగుడు ఉందని, ఆ వెంటనే ఎక్కుడు ఉందని గ్రహించాలి. వాన వెలిసిన మరునాడు పల్లం అడుగున ఇసుక మేట వేసి ఉంటుంది. సన్నని టైర్లు జారేది అక్కడే. కనుక దిగుడు చివరి వరకు వేగం పెంచక, రెండు బ్రేకులనూ సమంగా, ముందుగానే పట్టాలి. ఎక్కుడు మొదలయ్యాక కాళ్ళు బిగుసుకున్నప్పుడు కాక, దానికి ముందే తేలిక గేరు వేయాలి.

2. కాలాన్ని లెక్కకట్టడం

ఎక్కిన శ్రమ దిగుడులో తీరిపోతుందని, మొత్తం మీద చదును రోడ్డుకూ మిట్టపల్లాల రోడ్డుకూ తేడా ఉండదని కొత్తవారు భావిస్తారు. ఒక చిన్న లెక్క ఈ భ్రమను తొలగిస్తుంది.

చదును రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు పోగల వ్యక్తి ఉన్నాడనుకుందాం. ఒక కిలోమీటరు ఎక్కుడును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే 6 నిమిషాలు పడుతుంది. ఒక కిలోమీటరు దిగుడును 30 కిలోమీటర్ల వేగంతో దిగితే 2 నిమిషాలు. రెండు కిలోమీటర్లకు 8 నిమిషాలు. అంటే సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లే, 20 కాదు. ఎక్కేటప్పుడు పోయిన కాలం దిగేటప్పుడు తిరిగి రాదు. ఆ లెక్కన 60 కిలోమీటర్ల దారి మూడు గంటలది కాదు, నాలుగు గంటలది. ఈ ఒక్క గంట తేడా వల్లనే నీళ్ళు చాలకపోవడం, ఎండ ముదరడం, చీకటి పడటం జరుగుతాయి.

3. మూడు దారులు

ఈశాన్య దారి: హోసూరు నుండి బాగలూరు మీదుగా బేరిగై వరకు సుమారు 25 కిలోమీటర్లు. గులాబీ తోటలు, వాటి పాలిథీన్ పందిళ్ళు ఇరువైపులా కనిపిస్తాయి. ఫిబ్రవరి 14కు ముందు ఇక్కడి గులాబీలు విదేశాలకు సైతం ఎగుమతి అవుతాయి. ఎక్కుళ్ళు పొట్టివి, కొత్తవారు మొదట నేర్చుకోవలసిన దారి ఇది. బేరిగై నుండి శూలగిరికి పోయి జాతీయ రహదారి మీదుగా తిరిగి రావచ్చునని పటం చూస్తే తోస్తుంది. లారీల వేగం దృష్ట్యా అది తగదు. వచ్చిన దారినే తిరిగి రావడం మేలు.

దక్షిణ దారి: మత్తిగిరి మీదుగా తళి, అక్కడి నుండి డెంకణికోట, తిరిగి హోసూరు, చుట్టు మొత్తం సుమారు 70 కిలోమీటర్లు. మత్తిగిరిలో 1824 నాటి ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది. చల్లని వాతావరణం వలన తళికి బ్రిటిషువారి కాలంలో ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పేరు వచ్చిందని చెబుతారు. రాగి చేలు, ఉలవ చేలు, గుండురాళ్ళ గుట్టలు ఈ దారికి అందం. డెంకణికోట నుండి మరింత దక్షిణంగా అంచెట్టికి పోయే రోడ్డు అడవి గుండా ఘాటు దిగుతుంది. దిగడం సుఖంగానే ఉంటుంది కాని, తిరుగు ప్రయాణంలో ఆ ఘాటునంతా ఎక్కాలి. నేర్చుకొనేవారు డెంకణికోట వద్దనే మళ్ళాలి.

ఆగ్నేయ దారి: హోసూరు నుండి రాయకోట వైపు. స్వతంత్ర భారతదేశపు తొలి భారతీయ గవర్నర్ జనరల్ రాజాజీ 1878లో జన్మించిన తొరపల్లి ఈ దిక్కుననే ఉంది. ఆయన ఇల్లు స్మారకంగా ఉంది. రాయకోట కొండ మీది దుర్గం 1791లో, మూడవ మైసూరు యుద్ధంలో, ఆంగ్లేయుల వశమైంది. ఊరి టమాటా సంత ప్రసిద్ధం. ఈ రోడ్డు శానమావు అడవిని తాకుతూ పోతుంది. ఆ సంగతిని తరువాతి భాగంతో కలిపి చదవాలి.

4. ఏనుగుల ఋతువు

ఈ పాఠంలో అన్నింటికంటె ముఖ్యమైన భాగం ఇది. దక్షిణాన ఉన్న అడవులు కర్ణాటకలోని బన్నేరుఘట్ట అడవులతో కలిసి ఉన్నాయి. వీటిలో కొంత భాగాన్ని 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. రాగి పంట కంకి పట్టి కోతకు వచ్చే కాలంలో, అంటే సుమారు అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు, ఏనుగుల మందలు తళి, జవళగిరి, డెంకణికోట పరిసరాలకు వస్తాయి. కొన్ని శానమావు వరకు చేరుతాయి. రాత్రి చేలలో మేసి, తెల్లవారుజామున రోడ్లు దాటి అడవికి మళ్ళుతాయి.

సైకిలు తొక్కడానికి చలికాలపు తెల్లవారుజాము హాయి అని అందరూ అనుకుంటారు. ఆ వేళకే మంచు కప్పి ఉంటుంది. ఆ వేళకే ఏనుగులు రోడ్డు దాటుతాయి. సైకిలుకు చప్పుడు లేదు. మలుపు తిరిగేవరకు ఏనుగుకు మనిషి రాక తెలియదు, మనిషికి ఏనుగు ఉనికి తెలియదు. కనుక ఈ నెలలలో దక్షిణ, ఆగ్నేయ దారులలో బాగా వెలుగు వచ్చి, మంచు విడిన తరువాతనే పట్టణం దాటాలి. సాయంత్రం ప్రొద్దు వాలకముందే తిరిగి చేరాలి. ఏనుగు కనబడితే ఎంత దూరాన ఉన్నా ఆగి, గంట మోగించక, ఫోటో కోసం నిలవక, వచ్చిన దారినే వెనుదిరగాలి. ప్రక్కనుండి తప్పించుకొని పోదామన్న ఆలోచనకు తావీయరాదు.

తెలుగువారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మంద ఏ వైపున ఉన్నదో పటం చెప్పదు. దారిలోని టీ కొట్టు చెబుతుంది. “రాత్రి ఏనుగులు ఏమైనా వచ్చినాయా అన్నా?” అని అడిగితే చాలు. రాత్రంతా చేను కాపలా కాసిన రైతు నోట, తెలుగులోనే, తాజా వార్త దొరుకుతుంది. ఆయన వద్దన్న దారిన ఆనాడు పోరాదు.

5. రోడ్డు ఎవరిది?

సెలవు దినాన సైకిలుదారుకు విహారమైన రోడ్డు, రైతుకు ప్రతిదినం పని దారి. పూలమూటలతో మోపెడ్లు సంత వేళకు అందుకోవాలని వేగంగా వస్తాయి. ప్రక్క గాలికి పూలమూట బండిని ప్రక్కకు నెట్టవచ్చు. వాటికి చోటు విడవాలి. గుంపుగా పోయేవారు ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరుగా సాగాలి. కోతల కాలంలో రాగి వెన్నులను, ఉలవ కట్టెను రోడ్డు మీద పరిచి, వాహనాల చక్రాల క్రింద నూర్పిడి చేస్తారు. పరచిన పంట మీద సైకిలు జారుతుంది, కట్టె చెయినులో చుట్టుకుంటుంది. దిగి, నడిపించుకొని దాటడం భద్రతా, మర్యాదా. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, తలకు హెల్మెట్, విడి ట్యూబు, గాలిపంపు, గంటకు అర లీటరు చొప్పున నీరు తప్పనిసరి. ప్రమాదం జరిగితే అంబులెన్సుకు 108, ఇతర అత్యవసర సహాయానికి 112.

అభ్యాసం

1. బాగలూరు దారిలో 4 కిలోమీటర్ల ఎక్కుడు, 4 కిలోమీటర్ల దిగుడు ఉన్నాయనుకుంటే, పై వేగాలతో ఎంత కాలం పడుతుంది? చదును రోడ్డుతో పోల్చి చూడండి.

2. డిసెంబరులో తళి, డెంకణికోటల చుట్టు పూర్తిచేయాలంటే ఎన్ని గంటలకు బయలుదేరాలి? ఎన్ని లీటర్ల నీరు కావాలి?

3. నివాసానికి సమీపంలోని ఒక రోడ్డు పటం గీసి, మిట్టలను, చెరువులను, దారి సంగతులు అడగదగిన టీ కొట్లను అందులో గుర్తించండి.