వార్తలో ఎవరి గొంతు ఉందో చూడండి

చిత్తూరు జిల్లాలో ఒక మండలానికి చాలా ఏళ్లు కంట్రిబ్యూటర్‌గా వార్తలు పంపాను. ఇప్పుడు పుత్తూరు, నగరి వైపు పిల్లలు జర్నలిజం చదువుతామంటూ సలహా అడగడానికి వస్తుంటారు. పక్షపాతమంటే అబద్ధం రాయడమేనని వాళ్ల నమ్మకం. నేను చూసినంతలో పచ్చి అబద్ధాలు తక్కువ. ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు, దేన్ని మొదటి పేజీకి ఎక్కించారు, దేన్ని లోపలికి నెట్టారు అన్నదాన్ని బట్టే జనం మనసు తిరుగుతుంది.

1. వార్తలో మాట్లాడింది ఎవరో ముందు చూడండి.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శ్రీవారి మెట్టుకు దగ్గర్లో, శేషాచలం అడవిలో, పోలీసుల కాల్పుల్లో 20 మంది తమిళనాడు వాళ్లు చనిపోయారు. ఎర్రచందనం దుంగలు మోస్తున్నవాళ్లు రాళ్లు, గొడ్డళ్లతో మీదికొస్తే ఆత్మరక్షణకు కాల్చామని అధికారులు చెప్పారు. మన తెలుగు పేపర్లలో ఆ మాటకే పెద్దపీట. తమిళ పేపర్లు తిరువణ్ణామలై, ధర్మపురి వైపు ఊళ్లకు పోయి చనిపోయినవాళ్ల భార్యలతో, తల్లులతో మాట్లాడాయి. బస్సులోంచి దించి పట్టుకుపోయారన్న ఆరోపణ వాటిలో ప్రముఖంగా వచ్చింది. చిత్తూరులో రెండు భాషలూ చదివేవాళ్లకు కొదవ లేదు. తెలుగు ఒక్కటే చదివినాయన “దొంగలకు అట్లే కావాల” అంటే, తమిళం కూడా చదివినాయన “పట్టుకోని కోర్టులో పెట్టొచ్చు గదా” అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. ఆ తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది.

2013 డిసెంబరులో అదే అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లర్లు చంపారు. ఆ కోపం ఈ జిల్లా వాళ్లందరికీ ఉంది, నాకూ ఉంది. కోపం ఉన్నచోట రెండో వైపు మాట మరీ శ్రద్ధగా వినాలి.

2. రాసేవాడికి జీతం ఎవరిస్తున్నారో అడగండి.

మండలంలో వార్త రాసేవాడికి చాలాచోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి లైన్ అకౌంట్ కింద ఇచ్చే డబ్బు పెట్రోలుకు కూడా చాలదు. దానికి తోడు ప్రకటనల టార్గెట్. సంక్రాంతికి, ఆగస్టు 15కు, నాయకుడి పుట్టినరోజుకు యాడ్లు తేవాలి. ఈ వారం యాడ్ ఇచ్చిన ఇసుక కాంట్రాక్టరు మీద వచ్చే వారం ఏం రాస్తాడు? ఆ వార్త పుట్టకముందే చచ్చిపోతుంది. పాఠకుడికి అది ఎప్పటికీ తెలియదు.

2009 ఎన్నికల్లో ఇది ముదిరి ప్యాకేజీ అయింది. అభ్యర్థి డబ్బు కడితే ప్రచారమే వార్తగా వచ్చేది. దీని మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి, పరంజోయ్ గుహా ఠాకుర్తా ఉన్నారు. 2010లో వాళ్లిచ్చిన నివేదికను జర్నలిజం చదివే ప్రతి పిల్లవాడూ, పిల్లా చదవాలి. విలేకరికి కడుపు నిండే జీతం ఇవ్వని యాజమాన్యం నిష్పక్షపాతం గురించి మాట్లాడటం అన్యాయం.

3. యజమాని ఎవరో తెలుసుకుని చదవండి.

1982లో ఈనాడు తిరుపతిలో అచ్చు మొదలుపెట్టింది. అదే ఏడాది ఎన్టీఆర్ పార్టీ పెట్టారు, మరుసటి ఏడాది జనవరిలో తిరుపతి నుంచీ గెలిచారు. ఆ గెలుపుకు పేపరు ఎంత తోడ్పడిందో మా వయసువాళ్లకు తెలుసు. 2008లో వై.ఎస్. కుటుంబం నుంచి సాక్షి వచ్చింది. అప్పటినుంచి పేపరు పేరు చెబితే ఓటు చెప్పినట్టే అయింది.

4. కాగితం దొరికితే కాగితమే చదవండి.

2024 సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, గత ప్రభుత్వ కాలంలో శ్రీవారి లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆరోపించారు. మరుసటి రోజు గుజరాత్‌లోని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) ల్యాబ్ నివేదిక బయటికొచ్చింది. కల్తీని పట్టడానికి చూసే ఎస్-విలువలు పాలకొవ్వుకు ఉండాల్సిన హద్దులో లేవని అందులో ఉంది. పామాయిల్ మొదలుకొని పశువుల కొవ్వు దాకా ఏవేవి కారణం కావచ్చో జాబితా ఉంది. ఆవులకు మేత బాగా తక్కువైనా, నూనెలు ఎక్కువగా తినిపించినా పరీక్ష తప్పు చూపొచ్చన్న హెచ్చరికా అందులోనే ఉంది. ఒక వైపు చానళ్లు జాబితాను పట్టుకున్నాయి, మరో వైపువి హెచ్చరికను పట్టుకున్నాయి. పూర్తిగా చదివినవాళ్లు నాకు కొద్దిమందే తగిలారు.

సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు దేవుణ్ని రాజకీయాలకు దూరంగా ఉంచమంది. అక్టోబరు 4న సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థ అధికారులతో దర్యాప్తు బృందాన్ని వేసింది. అప్పటికే జనం తీర్పు చెప్పేసుకున్నారు. తరతరాలుగా కళ్లకద్దుకుని తిన్న ప్రసాదం మీద ఇంటింటా రెండు వర్గాలు తయారైతే నాకు నిద్ర పట్టలేదు.

5. పక్షం వహించడం ప్రతిసారీ తప్పు కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడితే ఈనాడు వాళ్ల వైపు నిలబడి రోజూ రాసింది. ఉద్యమం మన జిల్లాకూ పాకింది. 1993లో సారా ఆగింది. ఆ పక్షపాతానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఎవరి పక్షమో దాచలేదు, జరిగినదాన్నీ దాచలేదు.

6. లేనిదాన్ని వెతకండి.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. టీవీ పెడితే ఎవరు రాజీనామా చేయాలన్న రచ్చే ఎక్కువ వినిపించింది. గేటు దగ్గర ఏం జరిగింది, వచ్చే ఏడాది క్యూ ఎట్లా నడపాలి అన్నవి వెతుక్కోవాల్సి వచ్చింది. చనిపోయినవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మామూలు భక్తులు. ముందు అడగాల్సింది వాళ్ల గురించే.

మీ పక్కింట్లో వేరే పేపరు వేయించుకునేవాళ్లు ఉంటే ఈ ఆదివారం మీది వాళ్లకిచ్చి వాళ్లది తెచ్చుకోండి. జిల్లా పేజీలు రెండూ ఎదురుగా పెట్టుకుని చదవండి, మీ పిల్లల చేత కూడా చదివించండి.