కొల్లేటి ఒడ్డున శిబిరం: ముందుగా వేసుకోవలసిన లెక్కలు

విహారయాత్ర అనగానే మన హాస్టలు గదుల్లో మొదట లేచే చర్చ భోజనాల గురించి. తరువాత పాటలు, ఫొటోలు, బస్సులో కిటికీ పక్క సీటు. వీటన్నిటి తరువాత, టైముంటే, వెళ్ళే చోటు గురించి. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులైంది. పెద్ద సరస్సు ఒడ్డున రెండు రోజులు గడపదలచిన వాళ్ళు ముందు ఆ నీటి సంగతి తెలుసుకోవాలి. తక్కినవన్నీ దాని వెనకే. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు.

మాది మెట్ట ప్రాంతం. వ్యవసాయ కుటుంబం. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నలుగురు స్నేహితులం మా ఊరి చెరువులోకి దిగాం. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్న మావాడు ఉన్నట్టుండి మునిగిపోయాడు. పక్కన గేదెలు కడుగుతున్న పెద్దాయన పలుపుతాడు విసిరాడు గనుక బతికాడు. సాయంత్రం నాన్నతో చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ గుంత మనం తవ్విందేరా. ఎండాకాలం మన చేనికి మట్టి తోలింది అక్కణ్ణుంచే" అన్నాడు. చెరువు ఎండినప్పుడు రైతులు ఒండ్రుమట్టి తవ్వి పొలాలకు తోలుకుంటారు. వానలు పడి చెరువు నిండాక ఆ గుంతలు కనపడవు. ఆ గట్టు మీద పెరిగిన నాకే ఇది తట్టకపోతే, బస్సు దిగి వచ్చినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అందుకే కొల్లేరును ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

సరస్సు స్వభావం

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో కాలువలు దానిలోకి నీళ్ళు తెస్తాయి. ఆ నీటిని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. నీటిమట్టం సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తున ఉన్నప్పుడు సరస్సు వైశాల్యం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులకు 308, 7 అడుగులకు 675, 10 అడుగులకు 901. అంటే నీళ్ళు రెండడుగులు పెరిగితే చాలు, సరస్సు రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది. కారణం తేలికే. కొల్లేరు గిన్నె లాంటిది కాదు, పళ్ళెం లాంటిది. గిన్నెలో నీళ్ళు పోస్తే పైకి లేస్తాయి, పళ్ళెంలో పోస్తే పక్కలకు పాకుతాయి. "నీళ్ళు అల్లంత దూరంలో ఉన్నాయి కదా" అని గుడారం వేసుకుంటే సరిపోదు. నేల ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం.

ఇంకో సంగతి. అక్కడ వాన పడకపోయినా నీళ్ళు రావచ్చు. చింతలపూడి వైపు కురిసిన వాన తమ్మిలేరు గుండా కొల్లేరు చేరుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కూడా చివరకు వచ్చింది కొల్లేటికే. కనుక బయలుదేరే ముందు రోజు ఎగువన వానలున్నాయా అని విచారించాలి. ఉంటే యాత్ర వాయిదా వేసుకోవాలి. దానిలో చిన్నతనం ఏమీ లేదు.

కాలం, స్థలం

అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుఫాన్ల కాలం. సంక్రాంతి సెలవుల తరువాత, జనవరి ఆఖరున వెళితే మంచిది. చలి తక్కువ, పక్షులు ఎక్కువ. కైకలూరుకు రైలుంది. అక్కడికి దగ్గరలోనే ఆటపాక. గూడబాతుల కోసం అటవీశాఖ వారు నీటిలో నిలబెట్టిన స్టాండ్ల మీద అవి గూళ్ళు కట్టుకోవడం చూడవలసిన దృశ్యం.

అయితే గుడారం ఇష్టం వచ్చినచోట వేయడానికి వీల్లేదు. 5 అడుగుల మట్టం వరకు ఉన్న కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది. 2002లో రాంసార్ జాబితాలో చేరింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అక్కడ నిప్పు పెట్టకూడదు. కనుక బస ఊళ్ళోనే ఏర్పాటు చేసుకోవడం మంచిది. పంచాయతీ వారినీ, హెడ్మాస్టరు గారినీ ముందుగా కలిసి అడిగి బడి వరండా కుదుర్చుకుంటే గుడారాల ఖర్చూ తగ్గుతుంది. చేపల చెరువు గట్టు చదునుగా కనబడి ఆశపెడుతుంది. దాని మీద పడుకోవద్దు. గట్టు వేయడానికి మట్టి తవ్విన చోటే పక్కన నిలువులోతు ఉంటుంది. మా ఊరి గుంత కథే అక్కడా.

తాగునీరు, తిండి

చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం పనికిరావు. పొలాల మందులు, ఊళ్ళ మురుగు అందులోకే చేరతాయి. "మరగబెడితే పోతుంది కదా" అంటారు మనవాళ్ళు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని, కరిగిన ఉప్పూ పురుగుమందులూ పోవు. పైగా నీరు ఆవిరయిన కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది.

24 మంది, రెండు రోజులు, నాలుగు పూటలు అనుకుందాం. తాగడానికి మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున 192 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పది. వంటకు మరో అయిదు. బియ్యం పూటకు మనిషికి 150 గ్రాముల చొప్పున 14 కిలోల 400 గ్రాములు. పదిహేను కిలోలు తీసుకెళ్ళండి. కూరల సంగతి మీకే వదిలేస్తున్నాను. దాని మీద చర్చ ఎలాగూ ఆగదు.

నీటి మీద, రాత్రి పూట

ఈత వద్దు. గుర్రపుడెక్క పరుచుకున్నచోట పచ్చని నేలలా కనపడుతుంది. కాలు పెడితే చిక్కుకుంటుంది. దోనె ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఎంతమంది ఎక్కాలో దోనె నడిపే ఆయన చెప్పాలి, మనం కాదు. ఫొటో కోసం లేచి నిలబడవద్దు. ఎవరైనా నీళ్ళలో పడితే ఈత వచ్చినా వెంటనే దూకకండి. మునిగేవాడు పట్టుకున్నవాణ్ణి కూడా ముంచుతాడు. కర్ర అందించాలి, లేదా తాడు విసరాలి. అందుకని సామాన్లలో గట్టి తాడు ఒకటి అందరికీ తెలిసిన చోట ఉండాలి.

రాత్రి దోమతెర, టార్చిలైటు, చెప్పులు లేకుండా కదలవద్దు. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటుమందు పూయడం చేయకూడదు. కరిచిన భాగాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేయాలి. పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయలుదేరకముందే కనుక్కుని కాగితం మీద రాసుకోవాలి.

మనం అతిథులం

గూళ్ళ దగ్గర అరిస్తే తల్లిపక్షులు లేచిపోతాయి. గుడ్లు ఎండకూ, కాకులకూ వదిలిపెట్టినట్టవుతుంది. లౌడుస్పీకరు ఇంట్లోనే ఉంచండి. ప్లాస్టిక్ ఎంత తీసుకెళ్ళామో అంతా తిరిగి తేవాలి. అక్కడి వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించినప్పుడు ఎవరికి ఏం పోయిందో, సరస్సుకు ఏం మిగిలిందో వాళ్ళ నోట వినండి. రైతుబిడ్డగా చెబుతున్నాను, ఆ లెక్కకు ఒక్క జవాబు లేదు.

చివరగా ఒక చిన్న పని. ఇద్దరిద్దరు చొప్పున జతలు కట్టండి. ఎవరి జత కోసం వాళ్ళు బాధ్యత పడాలి. పేర్ల జాబితా రెండు కాపీలు తీసి ఒకటి కాలేజీలో ఇచ్చి వెళ్ళండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి పేర్లు పిలవండి. చిన్నపిల్లల్లా హాజరేమిటని నవ్వేవాళ్ళు నవ్వనీ. ఆ రోజు మా చెరువు దగ్గర మేం నలుగురం వెళ్ళి నలుగురం తిరిగొచ్చాం. మిగతా లెక్కలు కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు, ఈ ఒక్క లెక్క మాత్రం తప్పకూడదు.