చిన్న మంత్రి గారు – మన స్కాలర్‌షిప్



డిగ్రీ చివరి ఏడాది స్కాలర్‌షిప్ రాలేదు. ఫీజు బకాయి కట్టేదాకా టి.సి. ఇవ్వమన్నారు కళాశాల వారు. అప్పుడు మా నాన్న, "ఢిల్లీలో మన పిల్లల చదువులు చూడ్డానికి ఒక చిన్న మంత్రి ఉన్నాడంట గదరా, ఆయనకో కార్డు ముక్క రాస్తే పోలా?" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఆయన మాటకు నవ్వామే గాని జవాబు మాకూ తెలియదు. పీజీకి వచ్చాక తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

నాన్న చెప్పిన చిన్న మంత్రి అంటే కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ సహాయ మంత్రి. స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రి అయితే శాఖను తానే నడుపుతారు. లేకపోతే కేబినెట్ మంత్రి అప్పగించిన పనులే చూస్తారు. కేబినెట్ సమావేశానికి పిలిస్తేనే వెళ్తారు. 2016 జూలైలో ఈ శాఖలో సహాయ మంత్రిగా చేరిన రాందాస్ అథవాలే ఈ రెండో రకం.

కాబట్టి డబ్బు పెంచడం ఆయన ఒక్కరి చేతిలో లేదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నాటిది. దానికి 59,048 కోట్ల రూపాయలు ఖర్చు చేయాలని 2020 డిసెంబరులో నిర్ణయించింది కేంద్ర మంత్రివర్గం. అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు, అంటే నూటికి అరవై. మిగతాది రాష్ట్రాలు పెట్టాలి. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడాలని నియమం. అక్కడ ఆగితే ఇక్కడా ఆగినట్లే!

మరి సహాయ మంత్రి వల్ల మనకేమిటి? పార్లమెంటులో ఆయన జవాబు చెప్పాలి. లోక్‌సభ సభ్యుడు 15 రోజుల ముందు నోటీసిచ్చి ప్రశ్న వేయవచ్చు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. గుర్తు లేనిదానికి రాతలో ఇస్తే చాలు. మనకు ఎక్కువ పనికొచ్చేవి ఈ రాత జవాబులే. ఏ రాష్ట్రానికి ఎంత ఇచ్చారో, ఎందరికి అందిందో పట్టికలు వేసి ఇస్తారు. చాలావాటి మీద ఉండేది సహాయ మంత్రి పేరే. "సమాచారం సేకరిస్తున్నాం" అంటే అది హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చాలి. అది చూడడానికే 1953 నుండి లోక్‌సభలో హామీల కమిటీ ఉంది. గడువు పెంచమని అడగడం మామూలే అనుకోండి.

మెస్ ఛార్జీలు, బియ్యం, వార్డెన్ పోస్టులు మాత్రం రాష్ట్రం చూసేవి. వాటిని శాసనసభలో మన ఎమ్మెల్యే అడగాలి.

నాన్న చెప్పిన కార్డు ముక్క ఈ ఏడు రాశాం, మా ఎంపీ గారికి. స్కాలర్‌షిప్ ఇప్పించండి అని రాయలేదు. మన రాష్ట్రం వాటా ఏ తేదీన విడుదలైంది, కేంద్రం వాటా ఏ తేదీన పడింది, ఎందరికి ఇంకా రావాలి, ఈ మూడూ సభలో అడగమని కోరాం. నాన్న కూడా కింద వేలిముద్ర వేశారు.