చిన్నికి మన కొలతలు పనికిరావు

మదురై

చి. సౌ. అమ్మణ్ణికి, అవ్వ దీవించి రాసేది.

చిన్ని ఫొటోలు చూశాను. రెండు నెలలు నిండిన తెల్ల పొమేరియన్ పిల్ల మీ ఆయన రెండు చేతుల్లో ఎంత ముద్దుగా ఉందో! ఫోన్లో నువ్వడిగినవాటికి తోచింది తోచినట్టు చెప్పాను గాని, ఇలాంటివి కాగితం మీద ఉండాలి. మన కోయంబత్తూరు పీలమేడు పిల్లల్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తక్కువ. నువ్వు పట్టుబట్టి నేర్చుకున్నావు కాబట్టి మన భాషలోనే రాస్తున్నాను. మెల్లగా చదువుకో, మీ ఆయనకూ చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు ఒక మాట. చిన్న కుక్కకు జరిగే హాని చాలావరకు ప్రేమ వల్లే జరుగుతుంది. మన కంచంలోది పెట్టడం, మన మందు వెయ్యడం, మన ఒడిలోంచి దించకపోవడం, ఇవన్నీ ప్రేమతో చేసేవే. దాని ఒళ్ళు మన ఒళ్ళు కాదు. పెరిగాక కూడా అది నాలుగైదు కిలోలు ఉంటుంది, అంతే. మన కొలతలన్నీ దాని దగ్గర తప్పిపోతాయి.

తిండి సంగతే చూడు. అయిదు కిలోల కుక్కకు రోజుకు కావలసింది దాదాపు మూడొందల యాభై నుంచి నాలుగొందల కేలరీలు. ఒక ఇడ్లీలో యాభై, అరవై ఉంటాయి. అంటే అది రెండు ఇడ్లీలు తింటే నువ్వు ఒక్క పూట పది ఇడ్లీలు తిన్నట్టు. "పాపం, రెండే కదా పెట్టాం" అంటూ మన ఇళ్ళల్లో పెంచిన కుక్కలు ఎన్ని గుండ్రంగా ఉబ్బి ఆయాసపడ్డాయో నేను చూశాను. కాబట్టి కొలిచి పెట్టు. ఇప్పుడు రోజుకు నాలుగు సార్లు, మూడు నెలలు దాటాక మూడు సార్లు, ఆరు నెలల తర్వాత రెండు సార్లు. ఇంత చిన్న పిల్లకు మాత్రం పూటకు పూటకు మధ్య ఎడం ఎక్కువ కాకూడదు. ఒంట్లో చక్కెర పడిపోయి తూలుతుంది, వాలిపోతుంది. అలా కనిపిస్తే చిగుళ్ళకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కుక్కపిల్లలకని అమ్మే పొడి మేత గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పెడితే దానికి కావలసినవన్నీ అందుతాయి. ఇంటి వంటే పెడతానంటావా, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొంచెం అన్నం, గుమ్మడికాయో క్యారెట్టో పెట్టొచ్చు. కానీ అన్నం, మాంసం మాత్రమే అయితే ఎముకకు సున్నం చాలదు. ఎదిగే పిల్ల కదా, ఎంత కలపాలో డాక్టరునడిగి కలుపు. పెరుగన్నంతోనే పెంచేస్తామనేవాళ్ళు మన వీధిలో ఇప్పటికీ ఉన్నారు. పెరుగు మంచిదే. కానీ కుక్క మాంసకృత్తుల మీద బతికే జీవి, వట్టి పెరుగన్నం దానికి చాలదు.

మన వంటింట్లోనే దానికి విషాలున్నాయి. కోయంబత్తూరు ఇల్లంటే చిన్న ఉల్లిపాయల సాంబారు లేకుండా ఉండదు. ఆ ఉల్లి, పచ్చిదైనా ఉడికినదైనా, కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది. వెల్లుల్లి కూడా అంతే. సాంబారన్నం ఒక్క ముద్ద కూడా పెట్టకు. ఇక ద్రాక్ష. ఇక్కడ మదురైకి కంబం నుంచి పన్నీరు ద్రాక్ష బుట్టలు బుట్టలు వస్తుంది, మీకూ వస్తుంది. అదీ, పాయసంలో వేసే ఎండుద్రాక్షా కుక్కల మూత్రపిండాలను చెడగొట్టగలవు. ఒక కుక్కకు ఎన్ని పడతాయో, ఏ కుక్కకు పడవో ముందుగా చెప్పలేరు, అందుకని ఒక్కటి కూడా వద్దు. చాక్లెట్టు వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపికోసం వేసే జైలిటాల్ మరీ ప్రమాదం, నీ హ్యాండ్‌బ్యాగు నేల మీద పెట్టే అలవాటు మానుకో. ఉడికించిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. జ్వరమని మన పారాసెటమాల్ చిదిపి పోయకూడదు. అసలు కుక్క ఒళ్ళు మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకూ దానికి మామూలే. చేత్తో ముట్టి జ్వరమని తేల్చకు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడు. గులాబీ రంగులో ఉంటే సరే, తెల్లబడితే ఆలస్యం చెయ్యకూడదు.

టీకాల పుస్తకం చిన్నితో పాటే ఇచ్చారా? ఇవ్వకపోతే ఈ వారమే కొత్తది రాయించు. పార్వో, డిస్టెంపర్ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. ఒక్కటి వేయించి ఊరుకుంటే చాలదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు. అది ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టే మళ్ళీ మళ్ళీ వేస్తారు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దాన్ని దించకు. అలాగని ఇంట్లో మూసి పెట్టొద్దు. పద్నాలుగు వారాల లోపు చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళే దాని మనసుకు మామూలవుతాయి. సాయంత్రం ఎత్తుకుని హోప్ కాలేజీ దాకా తీసుకెళ్ళు. అవినాశి రోడ్డు మీద బస్సులు, ఆటోలు, తలమీదుగా వెళ్ళే విమానాలు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, కర్ర పట్టుకున్న తాత, అన్నీ చూడనీ.

రేబీస్ గురించి మాత్రం కాస్త ఎక్కువే రాస్తాను. నీ తరానికి ఆ భయం తెలియదు. పిచ్చికుక్క కరిస్తే ఏం చెయ్యాలో మన ప్రాంతానికి ఒక పాత కథ ఉంది. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఇంగ్లిషు యువతి పిచ్చికుక్క కాటుతో చనిపోయింది. అప్పట్లో దేశంలో ఆ కాటుకు పాశ్చర్ వైద్యం దొరికేది ఎక్కడో హిమాలయాల దగ్గర కసౌలీలో. ఆ మరణం తర్వాత, హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు ఇచ్చిన విరాళం ఆసరాతో, 1907లో మనకు ఎగువనున్న కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దక్షిణాది ప్రాణాలెన్నో ఆ కొండ మీద తయారైన మందుతో నిలిచాయి. మా చిన్నతనంలో ఆ సూదులు బొడ్డు చుట్టూ పొడిచేవారు, పద్నాలుగు దాకా. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికి పూర్తిగా మానేశారు. ఇప్పటిది చేతికి వేసే నాలుగైదు సూదులే.

చిన్నికి మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన నాటికి బూస్టరు, ఏటేటా మళ్ళీ. "ఇంట్లోనే ఉండే కుక్క, దానికెందుకు" అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా వినకు. అపార్ట్‌మెంటు గేటు తెరిచి ఉన్న ఒక్క నిమిషం చాలు. నిన్నో మీ ఆయన్నో వీధికుక్క కరిచినా, గీరినా, పంపు కింద ధారగా నీళ్ళు వదిలి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని మరీ. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. కడిగిన వెంటనే ఆసుపత్రి. ఆ వైరస్ నరాల వెంట మెదడు దాకా పాకడానికి వారాలు, నెలలు పడుతుంది, మనకున్న సమయమంతా అదే. లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

నులిపురుగుల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలల దాకా నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. గోమార్ల సంగతి అంతకంటే కష్టం. ఆడ గోమారి కుక్కను వదిలి గోడ పగుళ్ళలోకి వెళ్ళి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటి మీద ఏరితే సరిపోదు, ఇల్లూ చూడాలి. చెవి మడతలు, వేళ్ళ సందులు, పట్టీ కింద రోజూ చేత్తో తడుము. గోమారి జ్వరం వస్తే తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం కారుతుంది. గోమార్ల మందు దాని బరువుకు తగినదే కొను. పెద్ద కుక్కకు తెచ్చింది సగం చేసి వెయ్యకు.

ఏప్రిల్ వచ్చిందంటే పొమేరియన్‌కు బొచ్చు గొరిగించమని సలహా ఇచ్చేవాళ్ళు పదిమంది తయారవుతారు. వద్దు. ఆ రెండు పొరల బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. దువ్వి ఊడిన వెంట్రుకలు తీసెయ్, చాలు. మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించకు, కారులో వదిలి ఒక్క నిమిషం కూడా వెళ్ళకు.

మెడకు పట్టీ కట్టి లాగొద్దు, ఇలాంటి చిన్న జాతుల గాలిగొట్టం సున్నితం. ఛాతీకి తొడిగే హార్నెస్ కొను. మంచం మీదినుంచి దూకనివ్వకు, మోకాటి చిప్ప జారుతుంది. పళ్ళు మరీ ముఖ్యం. పులంత కుక్కకైనా గుప్పెడంత కుక్కకైనా నలభై రెండు పళ్ళే. ఆ చిన్న దవడలో అవి కిక్కిరిసి ఉంటాయి, పాచి పడుతుంది, నోరు కుళ్ళుతుంది. ఇప్పటినుంచే కుక్కలకని అమ్మే పేస్టుతో అలవాటు చెయ్యి. ఆరు నెలలు దాటినా పాలపన్ను ఊడకుండా పక్కనే కొత్తది వస్తే డాక్టరుకు చూపించు.

మొరుగుతుందని ఇప్పటినుంచే భయపడుతున్నావు. దాని పూర్వీకులు బాల్టిక్ తీరంలోని పొమెరేనియా నుంచి వచ్చిన పెద్ద కుక్కలు. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్సు నుంచి మార్కో అనే బుల్లి కుక్కను తెచ్చుకున్నాకే చిన్నవాటికి మోజు పెరిగింది. ఒళ్ళు తగ్గింది గాని కాపలా బుద్ధి తగ్గలేదు. మన తెలుగు రాజుల రాజపాళయం కుక్క తోట కాసినట్టే ఇదీ నీ గుమ్మం కాస్తుంది. మొరిగిన ప్రతిసారీ ఎత్తుకుంటే, మొరిగితే ఒడి దొరుకుతుందని నేర్చుకుంటుంది. ఊరుకున్న క్షణంలో మెచ్చుకో, చిన్న ముక్క పెట్టు. చెయ్యి కొరికితే కేకలేసి కొట్టకు, ఆట ఆపి లేచి వెళ్ళిపో. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక వెంటనే ఒకే చోటికి తీసుకెళ్తే ఒంటికి పోవడం అక్కడే నేర్చుకుంటుంది. ఇంట్లో పోసిందని ముక్కు రుద్దితే నీకు తెలియకుండా మంచం కింద పోస్తుంది, అంతే.

మీరిద్దరూ ఉద్యోగానికి టైడల్ పార్కుకు వెళ్ళిపోతే పగలంతా అది ఒక్కతే. అలవాటు కాకుండా ఒకేసారి వదిలితే తలుపు గీరుతుంది, ఏడుస్తుంది. మొదట రెండు నిమిషాలు, తర్వాత పది, తర్వాత గంట, అలా పెంచు. పిల్లగా ఉన్నన్నాళ్ళు మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తిండి పెట్టి ఒంటికి పోయే చోటికి తీసుకెళ్ళాలి. ఆ ఏర్పాటు లేకపోతే మీ అమ్మను అడుగు, నేనూ చెప్తాను.

దీపావళికి ముందే టపాకాయల చప్పుడు ఫోన్లో సన్నగా వినిపించి, ముద్ద పెడుతూ అలవాటు చెయ్యి. పండగరోజు చీకటి పడకముందే నడిపించి తెచ్చి, లోపలి గదిలో ఫ్యాను, టీవీ వేసి పక్కన కూర్చో. కట్టెయ్యకు. భయపడి మంచం కిందికి దూరితే లాగొద్దు.

చిన్నికి పిల్లలు కావాలన్న ఆలోచన లేదన్నావు కాబట్టి గర్భసంచి ఆపరేషను సమయం డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకో. చెయ్యించని ఆడకుక్కలకు వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా ఒక పని. ప్రతి శనివారం చిన్నిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, నీ బరువు తీసేసి దాని బరువు టీకాల పుస్తకం వెనక రాయి. మందైనా మేతైనా ఆ అంకె చూసే ఇవ్వాలి. మొదటి నాలుగు వారాల అంకెలు నాకూ ఫోన్లో పంపు. పండక్కి నేను వచ్చేటప్పటికి రేబీస్ టీకా పడి ఉండాలి.

ఇట్లు,
మీ అవ్వ