మండువా ఉన్న ఇంట్లో దిగేటప్పుడు

చి॥సౌ॥ బుజ్జికి,

నువ్వు పంపిన మూడు ఇళ్ళ ఫోటోలూ చూశాను. మూడూ బాగున్నాయి. అసలు మొరాకోలోని ఫెజ్‌లో అతిథుల కోసం తీర్చిదిద్దిన పాత ఇళ్ళన్నీ ఫోటోల్లో బాగానే ఉంటాయి. రంగు పలకల నేల, చెక్కడపు దేవదారు తలుపులు, నడుమ నీళ్ళ తొట్టి. అందుకే ఫోటోలు చూసి ఖాయం చెయ్యకు. అమ్మనీ నాన్ననీ వెంటబెట్టుకుని వెళ్తున్నావు, అదీ డిసెంబరు ఆఖర్లో. ముందుగా నువ్వు కనుక్కోవలసింది టాక్సీ ఆగే చోటు నుంచి ఆ ఇంటి గుమ్మం దాకా దారి ఎలా ఉందో. ఆ తర్వాత, మీకిచ్చే గది ఇంట్లో ఏ మూలన ఉందో. ఈ రెండూ తేలితే మిగతావాటికి సర్దుకుపోవచ్చు.

దారి గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫెజ్ పాత ఊళ్ళోకి కారు పోదు. కొన్ని సందుల్లో ఎదురుగా మనిషి వస్తే పక్కకి తిరిగి నిలబడాలి. గ్యాస్ బండలు, సిమెంటు బస్తాలు, పచ్చి తోళ్ళు, అన్నీ కంచరగాడిదల మీదా తోపుడు బండ్ల మీదా వెళ్తాయి. వెనక నుంచి "బాలక్! బాలక్!" అని కేక వినబడితే తప్పుకోమని. ఎవరా అని చూస్తూ నిలబడకుండా గోడకి అతుక్కుపోవాలి. అమ్మకి ఇంటి దగ్గరే చెప్పి ఉంచు.

పైగా ఆ ఊరు గిన్నెలా ఉంటుంది. నీలం పలకల బూ జలూద్ గేటు పై అంచున, ఖరవీయీన్ మసీదు అడుగున. ఆ మసీదుని 859లో ఫాతిమా అల్ ఫిహ్రి అనే ఆవిడ కట్టించిందని చెప్పుకుంటారు. దాని చుట్టూనే ఊరి పనంతా. గేటు నుంచి అక్కడికి దిగే వీధి పేరే తలా కెబీరా, అంటే పెద్ద ఎక్కుడు. పొద్దున దిగుతున్నప్పుడు ఏమీ తెలీదు. సాయంత్రం తిరిగి ఎక్కేటప్పుడు మీ అమ్మ మోకాళ్ళు గుర్తుకొస్తాయి.

మేం మొదటిసారి వెళ్ళినప్పుడు ఇల్లు చాలా అందంగా ఉందని తీసుకున్నాం. "గేటు నుంచి పది నిమిషాలు" అని రాశారు. మేం దిగేసరికి రాత్రి పదైంది, వాన. ఫోనులో మ్యాపు ఆ గోడల మధ్య తిక్కతిక్కగా తిరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి అటు దారి మూసేశారని చెప్పి ఇంకో వైపు తీసుకెళ్ళారు. మీ బాబాయి పెద్ద పెట్టె భుజానికెత్తుకుని తడి మెట్లు దిగుతుంటే నాకు గుండె గుప్పెట్లో ఉంది. ఆ పది నిమిషాలు నలభై అయింది. తెల్లారాక చూస్తే ఇల్లు నిజంగానే అందమైనది, కానీ బాబాయి నడుము మూడు రోజులు పట్టేసి ఆయన దాన్ని మంచం మీంచే చూశారు.

రెండోసారి బత్‌హా కూడలికి దగ్గరగా దిగాం. టాక్సీ అక్కడిదాకా వస్తుంది. ఇంటివాళ్ళ మనిషి తోపుడు బండితో వచ్చి నిలబడ్డాడు. మీకూ అలాంటిదే చూడు. లేదంటే కింద ర్సీఫ్ కూడలి దగ్గర. అక్కడికీ టాక్సీ వస్తుంది, ఇత్తడి బిందెలు కొట్టే సఫ్ఫారీన్ చౌకు, ఖరవీయీన్ రెండూ దగ్గర. పొద్దున బూ జలూద్ దాకా టాక్సీలో వెళ్ళి అక్కణ్ణుంచి కిందికి నడుచుకుంటూ వస్తే నేరుగా ఇల్లు చేరతారు, అమ్మకి ఎక్కే పని ఉండదు. ఇంటివాళ్ళకి ఇలా రాయి: టాక్సీ ఆగే చోటి పేరేమిటి, అక్కణ్ణుంచి గుమ్మానికి మెట్లెన్ని, సామాను మోసే మనిషిని పంపుతారా, అతనికెంతివ్వాలి. మెట్లు లెక్కపెట్టి రాసే ఇల్లు మంచి ఇల్లు. ఎర్ర చిన్న టాక్సీలో ముగ్గురికే చోటు. మీ ఆయన కూడా వస్తున్నాడు కాబట్టి రెండు మాట్లాడుకోవాలి.

ఇక ఇంటి లోపలి సంగతి. అందరూ దేన్నైనా రియాద్ అనేస్తారు. ఆ మాటకి తోట అని అర్థం. నడుమ చెట్లూ నీళ్ళూ ఉన్న విశాలమైన లోగిలి ఉంటేనే రియాద్, చెట్లు లేని ఉత్త లోగిలి ఉంటే దార్. ఫెజ్‌లో ఎక్కువ దార్‌లే, లోతైన బావిలా మూడంతస్తుల ఎత్తుంటాయి. నువ్వు మండువాలో పెరగలేదు గానీ నేనూ మీ అమ్మా పెరిగాం. కోనసీమలో అమ్మమ్మగారింట్లో వానొస్తే నాలుగు వైపుల చూరు నీళ్ళూ మండువాలోనే పడేవి, ఇత్తడి బిందెలు పెట్టి పట్టేవాళ్ళం. ఫెజ్‌లో ఆ దార్ మధ్య నిలబడి తలెత్తితే నలుచదరంగా ఆకాశం కనబడి నాకు నోట మాట రాలేదు. తేడా ఒక్కటే. మన ఇంటికి వీధి అరుగుండేది, దారిన పోయేవాళ్ళు కూర్చునేవాళ్ళు. వాళ్ళ ఇంటికి వీధి వైపున్నది బోడి గోడ, ఒక తలుపు. లోపల ఎంత సంపద ఉన్నా బయటికి తెలీదు. కిటికీలన్నీ లోపలికే.

కిటికీలు లోపలికి ఉన్నాయంటే వెలుతురూ చప్పుడూ రెండూ ఆ నడుమ నుంచే వస్తాయి. కింద ఎవరో గ్లాసులో చెంచా తిప్పితే మూడో అంతస్తులో వినబడుతుంది. అందుకే ఐదారు గదులకి మించని ఇల్లు చూడు. అమ్మా నాన్నలకి కింది గదే అడుగు. వెలుతురు తక్కువైనా ఫరవాలేదు. మేడ మెట్లు నిట్టనిలువుగా, ఒక్కో మెట్టూ జానెడు పైన ఉంటుంది, చాలాచోట్ల పట్టుకోడానికి కమ్మీ ఉండదు. వంటింటి గోడకి ఆనుకున్న గది మాత్రం వద్దను, గిన్నెల చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. నువ్వూ అల్లుడూ పైన మస్రీయా ఉందేమో అడగండి. పూర్వం అతిథులకని విడిగా మెట్లుపెట్టి కట్టిన చిన్న మేడగది అది. నాకైతే ఆ ఇళ్ళలో అన్నిటికంటే అదే ఇష్టం.

డిసెంబరులో ఫెజ్ రాత్రులు వణికిస్తాయి. వేసవిలో చల్లగా ఉంచే ఆ లావు గోడలే అప్పుడు చలిని పట్టుకుంటాయి. గదిలో వేడిగాలి వచ్చే ఏసీ ఉందా, మండువా పైకప్పు వానొస్తే మూస్తారా, నలుగురూ వరసగా స్నానం చేస్తే వేడినీళ్ళు సరిపోతాయా, ఈ మూడూ మొహమాటం లేకుండా అడుగు.

స్నానాలగది ఫోటో ఒకటి ప్రత్యేకంగా పంపమని అడుగు. నవ్వకు, కారణం చెబుతాను. మంచి ఇళ్ళలో ఆ గోడలు తాదెలాక్త్ పని. సున్నపు పూత తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్ది రుద్ది, ఆలివ్ నూనెతో చేసిన నల్లసబ్బు పట్టిస్తారు. నేను అరచేత్తో నిమిరి చూశాను. చిన్నప్పటి మా ఇంట్లో గానుగ సున్నం గచ్చు ఎలా ఉండేదో అలాగే, చల్లగా, కోడిగుడ్డు పెంకంత నునుపుగా ఉంది. పాత ఇంటికి అలా సున్నంతో మరమ్మతు చేయించినవాళ్ళు మిగతా పనీ శ్రద్ధగానే చేయించి ఉంటారు. సిమెంటు పూసేసిన పాత గోడ తేమని బయటికి వదల్లేక అడుగున పొక్కులు లేస్తుంది. ఫోటోలో గోడ అడుగు భాగం చూడు. పొక్కులుంటే ఆ గదిలో మీ నాన్నకి దగ్గు తప్పదు. 1981 నుంచి ఆ ఊరు యునెస్కో జాబితాలో ఉంది. కానీ ఇళ్ళని నిలబెడుతున్నది ఆ సున్నం కలిపే మేస్త్రులూ, పలకల్ని సుత్తితో నక్షత్రాల్లా చెక్కే జెల్లీజ్ పనివాళ్ళూ. మనం ఇచ్చే అద్దెలో కాస్త వాళ్ళకి చేరే ఇంట్లోనే దిగాలని నాకుంటుంది.

తిండి గురించి. రాత్రి భోజనం కావాలంటే పొద్దున్నే చెప్పాలి, వంటావిడ బజారుకెళ్ళి తెచ్చి వండుతుంది. మీ నాన్న శనివారం నీచు ముట్టరు కదా, "మాంసం వద్దు" అంటే చాలదు, "మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దు" అని చెప్పు. కూరగాయల కుస్‌కుస్‌నీ తరచు ఆ నీళ్ళతోనే చేస్తారు. జాలూక్ అడుగు, వంకాయ టమాటా వెల్లుల్లి వేసి మెత్తగా చేస్తారు, మన పచ్చడి చుట్టమే. పొద్దుట ఎండు ఫావా బీన్స్‌తో చేసే బిసారా సూపు మీద ఆలివ్ నూనె పోసి ఇస్తారు. పొరల పరోటాలాంటి మ్సెమెన్ తేనెతో ఇస్తారు. అవి చాలు ఆయనకి. ఎప్పుడైనా సందులో చిన్నపిల్ల తలమీద గుడ్డ కప్పిన బల్లతో వెళ్తుంటే పక్కకి తప్పుకుని దారివ్వండి. ఇంట్లో కలిపిన రొట్టె పిండిని పేట పొయ్యి దగ్గర కాల్పించడానికి తీసుకెళ్తోందన్నమాట.

డబ్బు అక్కడే మార్చుకోవాలి, దిర్హాములు బయట దేశాల్లో సాధారణంగా దొరకవు. రాత్రికింతని ఊరి పన్ను విడిగా ఉంటుంది, అద్దెలో కలిపారో లేదో ముందే అడుగు. దిగగానే పాస్‌పోర్టు వివరాలతో కాగితం నింపిస్తారు, అది పద్ధతే. నింపించని ఇంటి మీదే నాకు అనుమానం.

నువ్వు పంపిన మూడింట్లో రెండోది నాకు నచ్చింది, ర్సీఫ్ దగ్గరది. మెట్ల లెక్కా, కింది గదీ, వేడినీళ్ళూ అడిగి ఈ రాత్రే రాయి. వాళ్ళ జవాబు రాగానే నాకు పంపు, డబ్బు కట్టేముందు ఒకసారి చదువుతాను. అమ్మ మోకాలి పట్టీలు రెండు జతలు నేను పార్సెల్లో పెడుతున్నాను.

పిన్ని